కాక్‌పిట్ దిగి నడుస్తనంటున్న అల్లునికి

హనుమకొండ

అల్లుడా,

నీ ఉత్తరం రెండుమార్లు చదివిన. ధ్రువ్ హెలికాప్టర్ నడుపుడు వదిలి, ఆర్మీ కమాండో దళమైన పారా స్పెషల్ ఫోర్సెస్‌కు (ఎస్ఎఫ్) వాలంటీర్ అవుతనంటున్నవ్. నేను వద్దంటనని భయమైనట్టున్నది, చివర్ల "నువ్వు కూడ ఆర్టిలరీ (ఫిరంగుల దళం) ఇడిసి అటే పోయినోనివే కద మామా" అని ముందే నా నోరు కట్టేసినవ్. వద్దని అనను. కని నేను ఇడిసింది వేరు, నువ్వు ఇడిసేది వేరు. ఆర్టిలరీ నుంచి పోయినోడు ప్రొబేషన్ (దళంల చేర్చుకునేముందు పెట్టే నెలల పరీక్ష) తప్పితే తన రెజిమెంటుకు తిరిగిపోయి తెల్లారి నుంచి తన పని తను చేసుకుంటడు. పైలట్ అక్కడ నడుమో మోకాలో ఖరాబు చేసుకుంటే ఫ్లయింగ్ మెడికల్ కూడ పోతది. రెంటికీ చెడ్డ రేవడని మన పెద్దలన్నది గిసొంటోని గురించే. అందుకే ముందుగాల నీ నడుము సంగతి రాస్త, నవ్వకు.

హెలికాప్టర్ పైలట్లల్ల నడుమునొప్పి, మెడనొప్పి మస్తు మందికి ఉంటయి. ఎడమచేయి కిందికి కలెక్టివ్ (పైకి కిందికి నడిపే కడ్డీ) మీద, కుడిచేయి సైక్లిక్ (దిక్కు తిప్పే కడ్డీ) మీద, ఒళ్లు కొంచెం ముందటికి వంగి, సీటు కింద గంటల తరబడి అదురుడు. రాత్రిపూటైతే హెల్మెట్‌కు నైట్ విజన్ గాగుల్స్ బరువు, దాన్ని సరిచెయ్యనీకి వెనక ఇంకో బరువు. ఇదంతా ఏ మెడికల్ బోర్డు కాగితం మీద కనిపియ్యదు, ఎందుకంటే ఏ పైలటూ నొప్పి ఉన్నదని చెప్పడు. చెప్తే కింద కూసోబెడ్తరని భయం. నువ్వు కూడ చెప్పి ఉండవ్. ఇప్పుడు ఆ నడుము మీదనే బరువైన ప్యాక్ ఏసుకొని కొండలెక్కుతనంటున్నవ్, అది దాటితే పారాచూట్‌తోని నేలకు గుద్దుకుంటనంటున్నవ్. దరఖాస్తు పెట్టేముందు ఒక మంచి ఎముకల డాక్టర్‌కు నిజం చెప్పి చూపించుకో. డిస్క్‌ల ఏదన్న తేడా ఉన్నదని తేలితే ఈ ముచ్చట ఇక్కడ్నే ఆపెయ్. అట్ల ఆపుకున్నోన్ని నేను పిరికోడు అనను.

ఇగ రెండోది. నీకు ఈ ఆలోచన ఎప్పుడొచ్చింది? 2025 జనవరిల పోర్‌బందర్ దగ్గర కోస్ట్‌గార్డ్ ధ్రువ్ కూలినంక దేశంల ఉన్న ధ్రువ్‌లన్నిటినీ నేలమీద నిలబెట్టిన్రు. నెలల తరబడి మీరంతా ఎగరకుంట కూసున్నరు. నాకు యాదికున్నది, గప్పుడే నువ్వు ఫోన్ల "గుమస్తా లెక్క అయిపోయిన మామా" అన్నవ్. ఆ కోపంల పుట్టిన కోరికైతే, మిషన్ మళ్ల ఎగిరినంక అది సల్లారాలె. ఇప్పుడు మళ్ల ఎగురుతున్నవ్ కద. పొద్దుగాల ఒక మంచి సార్టీ (ఒక ఖేపు ఎగురుడు) చేసి దిగినంక కూడ నీ మనసు అటే గుంజుతున్నదా? గా దినం చూసుకో. సార్టీ రద్దయిన దినం ఏ నిర్ణయమూ తీసుకోకు.

ప్రొబేషన్ గురించి వీడియోలు చూసే ఉంటవ్. గ్లాసు కొరికి నమిలేది, పాసైనోళ్లకిచ్చే మెరూన్ టోపీ (బెరె) పెట్టుకొని ఏడ్చేది. అవన్నీ నిజమే, కని దానికోసమే పోయేటోళ్లు మొదటి పది దినాల్లనే ఇంటికొస్తరు. ఆఫీసర్‌కైనా జవాన్‌కైనా ప్రొబేషన్ మూడు నెలలు, యూనిట్‌ను బట్టి ఇంకొంచెం ఎక్కువ. 10, 20, 30, 40 కిలోమీటర్ల స్పీడ్ మార్చులు, ప్యాక్, రైఫిల్, నిద్రలేకుంట పనులు. ఇవి కష్టమే, కని ఇవి తయారీకి లొంగుతయి. లొంగనిది ఇంకోటున్నది. అక్కడ నిన్ను పరీక్షించేటోడు ఒక హవల్దార్. నీ పక్కన పడి నడిచేటోడు నీకంటే చదువు తక్కువున్న జవాన్. రేపు వాళ్లనే నువ్వు నడిపించాలె, అందుకే వాళ్లు నిన్ను చూస్తరు. నువ్వు నీళ్లు తాగేముందు పక్కోని సీసా చూసినవా, మెషిన్‌గన్ మోసే వంతు నీకు రాంగనే నీ అడుగు మెల్లగైందా, పొద్దుగాల మూడింటికి మ్యాప్ చదవమంటే చిరాకు పడ్డవా. నేను తర్వాత్తర్వాత అటు పక్క కూసొని ఆఫీసర్లను చూసిన. దమ్ము తక్కువై పోయినోళ్లకంటే, నేను ఆఫీసర్‌నన్న సంగతి మర్చిపోలేక పోయినోళ్లే ఎక్కువ కనిపించిన్రు.

ఈడ పైలట్‌కు ఒక ప్రత్యేకమైన చిక్కు ఉన్నది. మీకు నేర్పేదే వద్దనుడు. నిద్ర చాలకుంటే ఎగరొద్దు, మబ్బు కిందికొస్తే వెనక్కి తిరుగు, పవర్ సరిపోదంటే మనుషుల్ని దించెయ్. అది మంచి శిక్షణ, దానివల్లనే నువ్వు బతికున్నవ్. కని ప్రొబేషన్‌ల ఒళ్లు ప్రతి గంటకు "ఇగ చాలు, ఆపు" అని చెప్తది, అది వినడం నీకు బాగ అలవాటు. విని కూడ నడవడం నేర్చుకోవాలె. కాళ్ల వేళ్లల్ల మొద్దుబారితే, మూత్రం రంగు మారితే, ఎండల చెమట ఆగిపోతే మటుకు నోరు తెరిచి చెప్పు. ఏది భరించాలె, ఏది చెప్పాలె అన్న తేడా తెల్వని దమ్ము ఎందుకూ పనికిరాదు.

నువ్వు పైలట్‌వని అక్కడ ఒక్క మార్కు కూడ ఎక్కువ రాదు. మొదట్ల నీకు నువ్వై ఆ మాటే ఎత్తకు. కని పాసైనంక అదే నీ ఆస్తి. 1987 అక్టోబర్ 11 రాత్రి శ్రీలంకల జాఫ్నా యూనివర్సిటీ మీదికి ఎంఐ-8 హెలికాప్టర్లల్ల మన పారా కమాండోలను, 13వ సిఖ్ లైట్ ఇన్‌ఫంట్రీ బెటాలియన్ జవాన్లను దించిన్రు. కింద ఎల్‌టీటీఈ కాసుకొని ఉన్నది. కాల్పులల్ల హెలికాప్టర్లు దెబ్బతిని తర్వాతి ఖేపులు ఆగిపోయినయి. దిగిన 30 మంది సిఖ్ జవాన్లల్ల 29 మంది పోయిన్రు. మా తరం ఆఫీసర్లకు అదొక పాఠం: దిగేటోనికి గాలి లెక్క తెల్వాలె, దించేటోనికి నేల లెక్క తెల్వాలె. పదహారువేల అడుగుల మీద ధ్రువ్ ఎంతమందిని లేపగలదో తెల్వని టీమ్ కమాండర్ పైలట్‌ను కానిపని అడుగుతడు. కరెంటు తీగలు, వాలు, దుమ్ము, గాలి ఏ దిక్కు నుంచి కొడ్తున్నదో, ఇవన్నీ నువ్వు కింద నిలబడి చూసి రేడియోల ఒక్క వాక్యంల చెప్పగలవ్. అసొంటి ఆఫీసర్ టీమ్‌ల ఉంటే ఆ టీమ్ అదృష్టం.

ఇప్పుడు నీకు నచ్చని మాట రాస్త. నేల మీద నడిస్తేనే స్పెషల్ ఆపరేషన్ అన్నట్టు రాసినవ్. 2023 ఏప్రిల్ 27 రాత్రి సూడాన్‌ల, ఖార్టూమ్‌కు ఉత్తరాన ఉన్న వాదీ సయ్యిద్నా రన్‌వే మీద మన ఎయిర్‌ఫోర్స్ సి-130జె రవాణా విమానం దిగింది. రన్‌వే పాడైంది, దీపాల్లేవు, నావిగేషన్ సాయం లేదు. పైలట్లు నైట్ విజన్ గాగుల్స్‌తోని దించి, ఇంజన్లు ఆపకుంటనే 121 మందిని ఎక్కించుకొని వచ్చిన్రు. ఎయిర్‌ఫోర్స్ గరుడ్ కమాండోలు కింద కాపలా ఉన్నరు. ఆ రాత్రి పెద్ద పని చేసింది గరుడ్‌లా, పైలట్లా? నేనైతే చెప్పలేను. అమెరికావాళ్లు 1980 ఏప్రిల్‌ల ఇరాన్ ఎడారిల బందీలను విడిపించపోయి, దుమ్ముల హెలికాప్టర్ పోయి ట్రాన్స్‌పోర్ట్ విమానానికి తగిలి 8 మందిని పోగొట్టుకున్నరు. ఆ దెబ్బ తర్వాతనే వాళ్ల ఆర్మీల 160వ హెలికాప్టర్ల రెజిమెంట్ తయారైంది, రాత్రిపూట కమాండోలను మోసుడే దాని పని. అంటే ఇది కూడ ఒక విద్యే, అందరు పైలట్లకూ వచ్చేది కాదు.

నన్నడిగితే ముందు నీ సీవో (కమాండింగ్ ఆఫీసర్) దగ్గర కూసొని, ఎస్ఎఫ్ యూనిట్లతోని కలిసి ఎగిరే పని ఎక్కడున్నదో అడుగు. నైట్ విజన్ గంటలు పెంచుకో. వాళ్లను దించు, ఎక్కించుకో, వాళ్ల మెస్‌ల తిను, వాళ్లు అలిసి వచ్చినప్పుడు ఎట్లుంటరో దగ్గర్నుంచి చూడు. ఒక ఏడు గట్ల చేసినంక కూడ, వాళ్లను దించి నువ్వు ఖాళీగ వాపస్ వస్తుంటే కడుపుల కాలుతున్నదంటే, అప్పుడు పో. అప్పుడు మీ అమ్మ అడ్డం పడ్డా నేను నీ దిక్కే ఉంట. ఇంకోటి కూడ లెక్కేసుకో: ఆఫీసర్ టీమ్‌తోని అడవిల తిరిగే ఏండ్లు తక్కువ. మేజర్ దాటినంక ఎస్ఎఫ్‌ల కూడ మ్యాపులు, ఫైళ్లు, ఆడిట్లే. పైలట్ కెరీర్ అంతకంటే ఎక్కువ ఏండ్లు ఎగరనిస్తది. అలవెన్సుల లెక్క రాయను, పైసల కోసం ఎవడూ ఈ పనికి పోడు.

తయారీకి ఆరు నెలలు పెట్టుకో. మొదట్ల పది కిలోలకు మించి ఎయ్యకు. బరువుతోని ఉరకకు, గబగబ నడువు. వారంల రెండు దినాలు చాలు, వరుసగ రెండు దినాలు బరువెత్తకు. కొత్త బూట్లు ముందే పాతవడాలె. లోపల పల్చటి సాక్సు, మీద మందంది. గోళ్లు కురచగ. ఇది చిన్న ముచ్చట అనిపిస్తది, కని మడిమ మీద బొబ్బ పగిలి వాపస్ పోయిన మంచి ఆఫీసర్లను చూసిన. సెలవుకు వచ్చినప్పుడు పద్మాక్షి గుట్ట మెట్లు, పాకాల కట్ట ఉన్నయి, ఎండ కూడ మన దగ్గర కావల్సినంత. ఏటూరునాగారం దిక్కు మాత్రం రాత్రిపూట బ్యాగేసుకొని పోకు, ఆ అడవిల అట్ల నడిచేటోన్ని పోలీసులు ఇంకో తీరుగ చూస్తరు. అన్నట్టు నక్సలైట్ల మీదికి పోయే పోలీసు దళం గ్రేహౌండ్స్‌ల చేసి రిటైరైనోళ్లు ఇక్కడ నాకు ఇద్దరు ముగ్గురు తెలుసు. 1989 నుంచి ఆ దళం చేసిందాంట్ల కాల్పులు కొంతే, ఎక్కువ నడుసుడు, కదలకుంట కూసునుడు. వాళ్లతోని ఒక పొద్దంతా కూసోబెడ్త, నా మాటలకంటే వాళ్ల మాటలే నీకు ఎక్కువ పనికొస్తయి.

ఈతల నువ్వు కచ్చా అని నాకు ఎరుకే. అది కూడ చూసుకో.

వయసు, సర్వీసు హద్దులు మారుతుంటయి. మెస్‌ల విన్నది నమ్మకు, కాగితం తెప్పించి చదువు. సీవోకు తెల్వకుంట పైనుంచి ఎవర్నీ పట్టుకోకు. పైలట్‌ను తయారు చెయ్యనీకి సర్కారు కోట్లు పెడ్తది, అట్ల ఊకెనే ఇడవదు. ఆయన ఇడుస్తనన్నడా లేదా అన్నదాన్ని బట్టే నీ ముచ్చట ముందటికి పోతది. కాదంటే ఎందుకు కాదన్నడో రాతల తీసుకో, కొట్లాటకు పోకు.

అక్కకు, అదే మీ అమ్మకు, ఇప్పుడే చెప్పకు. ముందు డాక్టర్ రిపోర్ట్ నాకు పంపు, అది మంచిగుంటే దసరాకు ఇంటికొచ్చి మాట్లాడుదాం. కోడలికి మాత్రం ఇవ్వాల్నే చెప్పు. ఎక్కడికి పోతున్నవో, ఎప్పుడొస్తవో చెప్పకుంట పోయే ఏండ్లు మోసేది ఆమె. ఆమె వద్దంటే నాకు ఇంకో ఉత్తరం రాసే పనే లేదు.

మీ మామ