కొత్త బండి తీసుకున్న వారంలోనే ఒంగోలు నుంచి నెల్లూరుకు హైవే మీద వెళ్లొచ్చా?

వెళ్లొచ్చండీ. దూరంతో ఇబ్బంది లేదు, ఇబ్బందల్లా ఒకే స్పీడు మీద గంటల తరబడి పోవడంతోనే.

కొత్త ఇంజన్‌లో సిలిండర్ లోపలి గోడ అద్దంలా నున్నగా ఉండదు. ఆయిల్ నిలవడానికి ఫ్యాక్టరీలోనే దాని మీద ఏటవాలుగా సన్నటి గీతలు పెడతారు. సిలిండర్‌లో పైకీ కిందకీ ఆడే పిస్టన్‌కు చుట్టూ ఉండే రింగులు ఆ గరుకుకు రాసుకుంటూ గోడకు సరిగ్గా కుదురుకోవాలి. యాక్సిలరేటర్ ఇస్తే లోపలి ఒత్తిడి రింగులను గోడకేసి నొక్కుతుంది, వదిలితే సడలుతుంది. ఇలా మారుతుంటేనే రింగులు బాగా కూర్చుంటాయి. కూర్చోకపోతే తర్వాత బండి ఆయిల్ తాగుతుంది.

16వ నంబరు రహదారి తిన్నగా ఉంటుంది కాబట్టి చెయ్యి కదపబుద్ధి కాదు. అయినా మాన్యువల్లో చెప్పిన హద్దు దాటకుండా స్పీడు పెంచుతూ తగ్గిస్తూ పోండి, కావలిలో టీకి ఆగండి. టాప్ గేర్లో 25 మీద ఈడ్పించడమూ ఇంజన్‌కు మంచిది కాదు. కొత్త టైర్లకు పట్టు తక్కువ, మలుపుల్లో జాగ్రత్త.

మొదటి సర్వీసు మాత్రం అస్సలు వాయిదా వేయకండి. చాలా బళ్లకు అది 500 నుంచి 1,000 కిలోమీటర్ల లోపే. దింపిన ఆయిల్‌ను ఎండలో పట్టి చూడండి, సన్నటి లోహపు రజను మెరుస్తూ కనిపించవచ్చు. అది ఇంజన్‌లో తిరుగుతూ ఉండకూడదు.