కార్డుల సంగతి తర్వాత, ముందు ఆ మాత్ర సంగతి చూడాలి

ప్రశ్న: నా వయసు 31. బెంగళూరు మారతహళ్లిలో ఉంటూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. ఏడాదిగా రోజూ పొద్దున్నే ఒక టారో కార్డు (జోస్యానికి వాడే బొమ్మల పేక) తీసి, అది చూడగానే ఏమనిపించిందో నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాను. జోస్యం కోసం కాదు, నన్ను నేను అర్థం చేసుకోవడానికే. ఈమధ్య తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చి గుండె దడగా ఉంటోంది. నాలుగు కిలోలు తగ్గాను. జుట్టు రాలుతోందని బయోటిన్ విటమిన్ మాత్రలు వాడుతున్నాను. రూమ్మేట్ వాళ్లమ్మగారి ఆల్ప్రజోలమ్ (ఆందోళన తగ్గించి మత్తునిచ్చే మందు) రెండు నెలలుగా రోజూ సగం మాత్ర వేసుకుంటున్నాను. డాక్టర్ దగ్గరికి వెళ్లాలా అని కార్డు తీస్తే ఫోర్ ఆఫ్ స్వోర్డ్స్ వచ్చింది, అంటే విశ్రాంతి. అందుకే ఆగాను. టారో మానేసి ఒరాకిల్ కార్డులకు మారితే టెన్షన్ తగ్గుతుందా?

జవాబు: ఏ కార్డులైనా ఫరవాలేదు గానీ, ఆ సగం మాత్ర ఎవరు రాసిచ్చారమ్మా? పెద్దావిడకు ఆమె వయసు, జబ్బు చూసి రాసిన మందు అది. ఆల్ప్రజోలమ్ షెడ్యూల్ హెచ్1 మందు. డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మిన షాపువాళ్లు రిజిస్టర్‌లో రాసుకోవాలి. కొన్ని వారాలు రోజూ వేసుకుంటే చాలు, ఒంటికి అలవాటైపోతుంది. ఆ తర్వాత సగం మాత్రతో నిద్ర పట్టదు, ఒకటి కావాలనిపిస్తుంది. అలాగని ఇది చదివి ఈ రాత్రే మానేయకండి. ఒక్కసారిగా ఆపితే దడ, వణుకు ఎక్కువవుతాయి, కొందరికి ఫిట్స్ కూడా రావచ్చు. డాక్టర్ పర్యవేక్షణలో మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. అందాకా మద్యం ముట్టుకోవద్దు, దగ్గు సిరప్‌లు, అలర్జీ మాత్రలు సొంతంగా కలపొద్దు.

పరీక్షించకుండా ఇది ఫలానా జబ్బని నేను చెప్పలేను. అయితే దడ, నిద్ర లేకపోవడం, బరువు తగ్గడం, జుట్టు రాలడం కలిసి కనిపిస్తే ముందుగా థైరాయిడ్ చూస్తాం. టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 అనే థైరాయిడ్ రక్తపరీక్షలు, హిమోగ్లోబిన్, షుగర్, ఒక ఈసీజీ చాలావరకు దారి చూపిస్తాయి. రక్తం ఇచ్చే ముందు కనీసం రెండు రోజులు బయోటిన్ ఆపండి, ల్యాబ్‌వాళ్లకూ చెప్పండి. బయోటిన్ వల్ల కొన్ని ల్యాబ్ పద్ధతుల్లో లేని థైరాయిడ్ జబ్బు ఉన్నట్టు రిపోర్టు వస్తుంది. ఇవన్నీ బాగుంటే అప్పుడు ఆందోళన, డిప్రెషన్ గురించి ఆలోచిస్తాం. తెల్లవారుజామునే మెలకువ రావడం డిప్రెషన్‌లోనూ ఉంటుంది.

ఇక కార్డులు. టారో 15వ శతాబ్దంలో ఇటలీలో ఆడుకునే పేకగా మొదలైంది, జోస్యానికి బాగా వాడింది 18వ శతాబ్దపు ఫ్రాన్స్‌లో. మొత్తం 78 కార్డులు. ఒరాకిల్‌కు అలాంటి లెక్కేమీ లేదు, తయారుచేసినవాళ్ల ఇష్టం. 1909లో పమేలా కోల్మన్ స్మిత్ గీసిన బొమ్మల్లో నైన్ ఆఫ్ స్వోర్డ్స్ చూసే ఉంటారు. మంచం మీద లేచి కూర్చుని రెండు చేతుల్లో మొహం దాచుకున్న మనిషి, వెనక చీకట్లో తొమ్మిది కత్తులు. నిద్ర పట్టని మనిషికి అది తన బొమ్మలాగే కనిపిస్తుంది, లోపలున్నది పైకి వస్తుంది. రాసుకుంటే మంచిదే, నాకేం అభ్యంతరం లేదు. కానీ 'నాకేమనిపిస్తోంది' అని అడగడం వేరు, 'డాక్టర్ దగ్గరికి వెళ్లనా' అని అడగడం వేరు. ఫోర్ ఆఫ్ స్వోర్డ్స్‌కు మీ టీఎస్‌హెచ్ తెలియదు. ఆ కార్డును నమ్మి మీరు ఆగిన రోజుల్లోనే ఆ మాత్ర అలవాటుగా మారింది. నాకు కోపం వచ్చేది ఈ ఆలస్యం మీదే. చదువుకున్న పిల్లలు కూడా 'ఇంకో వారం చూద్దాం' అంటూ నెలలు గడిపేసి వస్తారు.

ఆ నోట్‌బుక్ మాత్రం పారేయకండి. నిద్ర ఎప్పుడు చెడిందో, దడ ఎప్పుడు మొదలైందో తేదీలతో సహా అందులో దొరకొచ్చు. మాత్రల స్ట్రిప్‌తో పాటు దాన్ని కూడా డాక్టర్‌కు చూపించండి.

ఈ వారంలోనే దగ్గర్లోని ఫిజీషియన్‌ను కలవండి, ఆయన అవసరమనుకుంటే సైకియాట్రిస్టు దగ్గరికి పంపిస్తారు. మానసిక, నరాల జబ్బుల ఆసుపత్రి నిమ్హాన్స్ మీ ఊళ్లోనే హోసూరు రోడ్డులో ఉంది. రాత్రిపూట మనసు బాగోకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, 24 గంటలూ ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. ఛాతీ నొప్పి, స్పృహ తప్పడం, ఫిట్స్, చనిపోవాలనే ఆలోచన, వీటిలో ఏది వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి, రూమ్మేట్‌ను వెంటబెట్టుకుని.