ఫోనులో కథ రాస్తే చదివేదెవరు?

ప్రశ్న: మేడం గారూ, మాది అంబాజీపేట పక్క పల్లెటూరండి. ఇంట్లో మిషన్ కుడుతూ, మధ్యాహ్నం తీరిక దొరికితే ప్రతిలిపి అనే కథల యాప్‌లో సీరియల్ రాస్తున్నాను. పదకొండు భాగాలయ్యాయి. మొదటి భాగం మూడొందల మంది చదివారు, పదకొండోది నలభై మంది కూడా చదవలేదు. రివ్యూలు కూడా ‘సూపర్’, ‘నైస్’ అనేవే. ఈమధ్య ఒకాయన, మీ కథ పుస్తకం వేస్తాం, అవార్డు కూడా ఇస్తాం, పన్నెండు వేలు కట్టండి అని మెసేజ్ పెట్టాడు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, కోనసీమ

జవాబు: ముందు డబ్బు సంగతి తేల్చేద్దామమ్మా. కట్టకండి. డబ్బు పుచ్చుకుని ఇచ్చేది అవార్డు కాదు, అమ్మకం. సొంత ఖర్చుతో పుస్తకం వేసుకోవడం తప్పేమీ కాదు, తెలుగులో చాలామంది అలాగే వేసుకుంటున్నారు. కానీ కాపీలెన్ని, హక్కులెవరివి, మిగిలిన పుస్తకాలు ఎవరింట్లో ఉంటాయి, ఇవన్నీ కాగితం మీద ఉండాలి. ఐఎస్‌బీఎన్ అనే, పుస్తకానికిచ్చే గుర్తింపు నంబరుకే వేలవుతాయని ఎవరైనా చెబితే నమ్మకండి. మన దేశంలో రాజా రామమోహన్ రాయ్ పేరు మీదున్న జాతీయ సంస్థ దాన్ని ఉచితంగానే ఇస్తుంది. రచయిత తనంతట తనే దరఖాస్తు చేసుకోవచ్చు.

ఇక సీరియల్ మాట. మీరు పంపిన లింకు పట్టుకుని పదకొండు భాగాలూ చదివాను. మూడో భాగంలో తండ్రి, నేలలో పాతిన గునపానికి కొబ్బరికాయ గుచ్చి ఒలుస్తుంటాడు. ఇంటర్ పరీక్ష ఫీజు అడగడానికొచ్చిన కూతురు పక్కన నిలబడుతుంది. కాయల లెక్కన కూలి కాబట్టి ఆయన చెయ్యి ఆగదు, తల ఎత్తడు. మాట కలపడానికి సందు దొరక్క, ఆ పిల్ల ఒలిచిన కాయలు లెక్కపెట్టి, ఆ రోజు వచ్చే కూలి ఎంతో మనసులో వేసుకుని, అడక్కుండానే వెళ్లిపోతుంది. ఇది రాయడం మీకు వచ్చు. మరి మొదటి భాగంలో ఏముంది? వెన్నెల, గోదావరి గట్టు, బుల్లెట్ మీద హీరో. సీరియల్ పేరులో ప్రేమ, పైన బొమ్మలో గులాబీలు. ఇలాంటివి రోజూ చదివేవాళ్లు ఇదీ అంతేలే అనుకుని వెళ్లిపోయారు. గునపం ఉన్న పేజీ దాకా వచ్చినవాళ్లు తక్కువ. ఆ పేజీని మొదటికి తెచ్చేయండి, పేరూ బొమ్మా మార్చండి. వెన్నెల ఎక్కడికీ పోదు, తర్వాత రాసుకోవచ్చు.

ప్రతిలిపి 2014లో బెంగళూరులో మొదలైంది, ఇప్పుడు పన్నెండు భాషల్లో నడుస్తోంది. అక్కడ చదివేవాళ్లలో ఎక్కువమంది ఫోనులో, బస్సులోనో వంటయ్యాకో చదివేవాళ్లే. వాళ్లకి అలవాటు ముఖ్యం. మంగళవారం, శుక్రవారం అని రోజులు పెట్టుకుని, ఏ పెళ్లిళ్ల సీజన్లో జాకెట్లు గుట్ట పడ్డా ఆ రోజుకి భాగం పడేలా ముందే రెండు మూడు రాసి ఉంచుకోండి. మిమ్మల్ని ఫాలో అయ్యేవాళ్లకి కొత్త భాగం కబురు యాప్ పంపుతుంది. కబురు వచ్చే రోజు తెలిస్తే ఎదురుచూస్తారు.

‘నైస్’ గురించి బాధపడ్డారు. నిజం చెప్పండి, మీరు ఇతరుల కథల కింద ఏం రాస్తున్నారు? మీలాగే ఊళ్ల బతుకు రాసే ఐదారుగురిని వెతికి, వాళ్ల కథలో ఫలానా చోట ఫలానా మాట ఎందుకు నచ్చిందో, ఎక్కడ సాగదీసినట్టుందో రాయండి. మా అమలాపురంలో నెలకోసారి కలిసి కథలు చదువుకునే మా గుంపులో ఇద్దరు అలా రివ్యూల దగ్గర పరిచయమైనవాళ్లే. ఇప్పుడు ఒకరి చిత్తుప్రతి ఒకరు చదవనిదే ఏదీ బయటికి రాదు. పాఠకులు యాప్‌లో కానుకగా ఇచ్చే స్టిక్కర్లు, నాణేలు వస్తే సంతోషమే గానీ, మిషన్ మాత్రం మానకండి.

సీరియల్ ఒక్కటే దారి కూడా కాదు. ఆ మూడో భాగాన్ని విడి కథగా చెక్కి వెబ్ పత్రికలకి పంపండి. 1998 నుంచి వస్తున్న ఈమాట ఉంది, సారంగ ఉంది. అక్కడ సంపాదకులు చదివి నచ్చితేనే వేస్తారు, ఆలస్యమూ అవుతుంది. కానీ కథ గురించి గట్టిగా మాట్లాడేవాళ్లు అక్కడ కనిపిస్తారు. ఒకటే చిక్కు, ఇంకెక్కడా రాని కథే కావాలంటారు. కాబట్టి యాప్‌లో ఉన్నది ఉన్నట్టు పంపకుండా, కొత్తగా రాయండి, యాప్‌లో వచ్చిన సంగతి కూడా ముందే చెప్పండి.

మీ కథ ఎవరైనా అడక్కుండా యూట్యూబ్‌లో చదివి పెడితే ఊరుకోకండి. రాసిన క్షణం నుంచే హక్కు మీదే, ఎక్కడా రిజిస్టర్ చేయించకపోయినా సరే. తీయించడానికి యూట్యూబ్‌లోనే ఫారం ఉంటుంది.

ప్రశ్న: ఫేస్‌బుక్‌లో పెట్టిన నా కథకి మంచి స్పందన వచ్చింది. దాన్ని ఒక వారపత్రిక పోటీకి పంపవచ్చా?
– ఒక బ్యాంకు ఉద్యోగి, భీమవరం

జవాబు: పంపకండి. పోటీలకి సాధారణంగా ‘ఎక్కడా ప్రచురితం కాలేదు’ అని హామీపత్రం అడుగుతారు, అందులో సోషల్ మీడియా కూడా కలిపే రాస్తున్నారు ఇప్పుడు. పోస్టు తీసేస్తే సరిపోతుందనుకుంటారు చాలామంది. చదివినవాళ్లలో ఒకరు స్క్రీన్‌షాట్ పంపితే చాలు, బహుమతి పోతుంది, పేరూ పోతుంది. పోటీకి కొత్త కథ పంపండి. అది అచ్చయ్యాక హక్కులు మీ దగ్గరే ఉంటే, ఫలానా సంచికలో వచ్చిందని కింద రాసి అప్పుడు ఫేస్‌బుక్‌లో పెట్టుకోండి.