వైద్య సలహా: రక్తనాళాల్లో పూడికను ఏ పరీక్ష ఎంతవరకు చెబుతుంది?

ఈసారి అందిన ఉత్తరాల్లో సగానికి పైగా డాప్లర్, సీటీ యాంజియోగ్రామ్, మామూలు యాంజియోగ్రామ్‌ల గురించే ఉన్నాయి. చేతిలో రిపోర్టు ఉన్నా అందులోని మాటలు అర్థం కాక, బంధువులు తలా ఒకటి చెబుతుంటే ఎటూ తేల్చుకోలేక రాసిన ఉత్తరాలివి. వాటిలో నాలుగింటిని, రాసినవారి పేర్లు లేకుండా, ఇక్కడ ప్రచురిస్తున్నాం.

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మా నాయనకు 62 ఏళ్లు, షుగరు వచ్చి 15 ఏళ్లు అయింది. రెండేళ్లుగా పత్తి చేనికి నడిచి వెళ్తుంటే సగం దారిలో ఎడమ పిక్క పట్టేస్తోంది. కాసేపు ఆగితే తగ్గుతుంది, మళ్లీ నడుస్తారు. నరాల బలహీనత అనుకుని ఊళ్లోనే సూదులు వేయించుకున్నారు. నెల రోజుల క్రితం బొటనవేలికి అయిన పుండు ఇప్పటికీ మానలేదు. హనుమకొండలో డాప్లర్ తీసి, మోకాలి కింది ధమనుల్లో 'మోనోఫేసిక్ ఫ్లో' ఉందని రాశారు. ఇప్పుడు సీటీ యాంజియోగ్రామ్ చేయించమంటున్నారు. కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్షలో క్రియాటినిన్ 1.6 ఉంది కాబట్టి ఆ మందు ఎక్కిస్తే కిడ్నీలు పోతాయని బంధువులు భయపెడుతున్నారు. కొన్నాళ్లు ఆగి చూడవచ్చా?
— ఒక రైతు కుమారుడు, నర్సంపేట

జవాబు: ఆగవద్దు. నడిస్తే పిక్క పట్టేయడం, నిలబడితే చాలు తగ్గిపోవడం రక్తం చాలక కండరం పడే బాధకు గుర్తు. వెన్నులో నరం నొక్కుకుపోయి వచ్చే నొప్పి అయితే ఊరికే నిలబడితే తగ్గదు, కూర్చోవాలి లేదా ముందుకు వంగాలి. ఈ తేడాను అడిగి తెలుసుకోవడానికి రెండు నిమిషాలు చాలు. అది ఎవరూ అడగకపోవడం వల్లే మీ నాన్నగారికి రెండేళ్లు సూదులతో గడిచిపోయాయని నాకు బాధ కలుగుతోంది. పిక్క నొప్పి వరకే ఉంటే నడక, మందులతో కొంతకాలం చూడవచ్చు. షుగరు ఉన్న మనిషికి కాలి పుండు నెలైనా మానడం లేదంటే, మానడానికి సరిపడా రక్తం అక్కడికి చేరడం లేదేమో ఇప్పుడే తేల్చుకోవాలి.

అన్నిటికన్నా ముందు చేయవలసింది చాలా చిన్న పరీక్ష. చేతి దగ్గర, చీలమండ దగ్గర బీపీ కొలిచి, చీలమండ అంకెను చేతి అంకెతో భాగిస్తారు. దీన్నే ఏ.బి.ఐ. అంటారు. చేతిలో 150, చీలమండ దగ్గర 90 ఉంటే ఫలితం 0.6. మామూలుగా ఇది 1.0 నుంచి 1.4 మధ్య ఉండాలి, 0.9 గానీ అంతకు తక్కువ గానీ ఉంటే కాలి ధమనుల్లో అడ్డంకి ఉన్నట్టు లెక్క. అయితే చాలా ఏళ్లుగా షుగరు ఉన్నవారి ధమనుల గోడల్లో సున్నం పేరుకుని అవి గట్టిపడతాయి. పట్టీ ఎంత బిగించినా నాళం నొక్కుకోదు కాబట్టి లోపల పూడిక ఉన్నా అంకె 1.4 దాటి కనిపించవచ్చు. అలాంటప్పుడు కాలి వేలి దగ్గర ఒత్తిడిని కొలిచి, దాన్ని చేతి అంకెతో భాగించాలి, ఆ ఫలితం 0.7 కన్నా తక్కువ ఉంటే అనుమానించాలి. మీ నాన్నగారికి వేలి ఒత్తిడి కొలిచారో లేదో అడగండి.

ఇక డాప్లర్. కదిలే వస్తువు నుంచి వచ్చే ధ్వని తీరు మారుతుందని 1842లో క్రిస్టియన్ డాప్లర్ చెప్పిన సూత్రమే దీనికి ఆధారం. యంత్రం పంపిన ధ్వని తరంగాలు రక్తకణాలకు తగిలి తిరిగి వస్తాయి, వాటిని బట్టి రక్తం ఎంత వేగంగా పోతున్నదీ తెలుస్తుంది. మన ఎస్సారెస్పీ కాలువలో నీళ్లు ఇరుకైన చోట ఉరవడి పెంచుకున్నట్టే, ధమని సన్నబడిన చోట రక్తం వేగం పెరుగుతుంది. అంతకు ముందున్న భాగంతో పోలిస్తే వేగం రెండింతలు దాటితే అక్కడ సగానికి పైగా పూడిందని అంచనా వేస్తారు. తెర మీద కనిపించే ఎరుపు, నీలం రంగులను చూసి మంచి రక్తం, చెడు రక్తం అనుకోవద్దు. రక్తం పరికరం వైపు వస్తోందా, దూరంగా పోతోందా అన్నదే ఆ రంగులు చెబుతాయి. ఆరోగ్యంగా ఉన్న కాలి ధమనిలో ప్రతి గుండె దెబ్బకూ అల మూడు భాగాలుగా కనిపిస్తుంది: ముందుకు ఒక పెద్ద ఊపు, వెనక్కి ఒక చిన్న ఊపు, మళ్లీ కొంచెం ముందుకు. అదే ట్రైఫేసిక్. పైన ఎక్కడో అడ్డంకి ఉంటే ఆ బలం నశించి ఒకే మొద్దు అల మిగులుతుంది, అది మోనోఫేసిక్. కాబట్టి ఆ మాట రాసిన చోటే పూడిక ఉందని అనుకోనవసరం లేదు. అది తొడలో ఉండవచ్చు, మోకాలి వెనక ఉండవచ్చు, ఇంకా పైన ఉండవచ్చు. ఎక్కడ, ఎంత పొడవున ఉంది, దాని కింద పాదం దాకా తెరుచుకుని ఉన్న నాళం ఏదైనా మిగిలిందా అన్నవి తెలియకుండా బెలూన్‌తో నాళాన్ని లోపలి నుంచి తెరవాలా, పూడికను తప్పించి రక్తానికి పక్కదారి కలిపే బైపాస్ ఆపరేషన్ చేయాలా అన్నది నిర్ణయించలేరు. సీటీ యాంజియోగ్రామ్ అడిగింది అందుకే.

ఈ పరీక్షలో చేతి సిరలోకి అయోడిన్ ఉన్న మందును, కాళ్లకైతే సుమారు 100 మిల్లీలీటర్లు, వేగంగా ఎక్కించి నడుము నుంచి పాదాల వరకు చిత్రాలు తీస్తారు. మందు ఎక్కుతున్నప్పుడు ఒళ్లంతా వేడి పాకినట్టు, మూత్రం జారిపోయినట్టు అనిపిస్తుంది. అది కొద్ది క్షణాలే. ముందుగా చెప్పకపోతే పెద్దవాళ్లు బెదిరి కదులుతారు, చిత్రం చెడిపోతుంది. దయచేసి మీ నాన్నగారికి ఈ మాట మీరే చెప్పండి.

కిడ్నీల సంగతి. క్రియాటినిన్ ఒక్క అంకెను చూసి భయపడవద్దు, దానిని వయసుతో కలిపి లెక్క కడితే వచ్చే ఇ.జి.ఎఫ్.ఆర్. చూడాలి, కిడ్నీలు రక్తాన్ని ఎంత బాగా వడకడుతున్నాయో ఆ అంకె చెబుతుంది. 62 ఏళ్ల పురుషుడికి 1.6 అంటే అది సుమారు 48 అవుతుంది. సిరలోకి ఇచ్చే మందుతో కిడ్నీలకు ముప్పు ప్రధానంగా ఇది 30 కన్నా తక్కువ ఉన్నవారికి. మీ నాన్నగారు ఆ హద్దుకు పైనే ఉన్నారు. అయినా జాగ్రత్తలు మానకూడదు. ముందు రోజు నుంచి, డాక్టరు వద్దనకపోతే, నీళ్లు బాగా తాగాలి. నొప్పి బిళ్లలు వేసుకుంటుంటే ఆపాలి. షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడుతుంటే స్కానింగ్ వాళ్లకు తప్పక చెప్పాలి. కొందరికి దాన్ని పరీక్ష నాటి నుంచి 48 గంటలు ఆపి, మళ్లీ క్రియాటినిన్ చూశాక మొదలుపెట్టమంటారు.

ఒక పరిమితి కూడా చెప్పాలి. మోకాలి కింది ధమనులు అసలే సన్నవి. వాటికి సున్నం పట్టి ఉంటే సీటీలో ఆ తెలుపు ఉబ్బి కనిపించి, లోపల దారి ఉందో మూసుకుపోయిందో తెలియదు. అందుకని కొందరికి నేరుగా గజ్జల దగ్గర ధమనిలోకి సన్నని గొట్టం పంపి చేసే మామూలు యాంజియోగ్రామ్ అవసరమవుతుంది. అందులో మందు ఎక్కించక ముందు తీసిన చిత్రాన్ని తర్వాతి చిత్రం నుంచి తీసివేస్తారు, ఎముకలు మాయమై నాళాలు మాత్రమే మిగులుతాయి. కావాలంటే అదే విడతలో బెలూన్ కూడా వేయవచ్చు. కిడ్నీలు బాగా దెబ్బతిన్న వారికి కాళ్ల వరకు అయోడిన్ మందుకు బదులు కార్బన్ డయాక్సైడ్ వాయువుతో ఇదే పరీక్ష చేసే పద్ధతి కూడా ఉంది. ఆరోగ్యశ్రీ కార్డు ఉంటే చికిత్స దాని కిందికి వస్తుందో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడగండి. 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో ఆ పథకం కింద చికిత్స ఖర్చు పరిమితి కుటుంబానికి 10 లక్షల రూపాయలు.

ఈలోగా పాదం ఉన్నట్టుండి చల్లబడి, పాలిపోయి, విపరీతమైన నొప్పితో మొద్దుబారితే స్కానింగ్ తేదీ కోసం చూడకుండా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. అప్పుడు కాలు దక్కడానికి చేతిలో ఉండేది సుమారు ఆరు గంటలే.

ప్రశ్న: నాకు 54 ఏళ్లు, ప్రభుత్వ పాఠశాలలో టీచర్‌ని. పద్మాక్షి గుట్ట మెట్లు ఎక్కుతుంటే ఛాతీ బిగుసుకుపోయినట్టయింది. ఈసీజీ, ఎకో మామూలుగా వచ్చాయి. ట్రెడ్‌మిల్ పరీక్షలో తేడా ఉందన్నారు. గుండె సీటీ యాంజియోగ్రామ్‌లో ఒక నాళంలో 60 శాతం పూడిక అని రాశారు. ఇప్పుడు మళ్లీ యాంజియోగ్రామ్ చేయాలంటున్నారు. ఒకసారి చేసిందే మళ్లీ ఎందుకు? ఎలాగూ 60 శాతం ఉంది కదా, నేరుగా స్టెంటు వేయించుకొమ్మని మా అన్నయ్య అంటున్నారు.
— ఒక ఉపాధ్యాయురాలు, హనుమకొండ

జవాబు: అమ్మా, మొదట ఒక అపోహ తొలగించాలి. యాంజియోగ్రామ్ అంటే చూడటం. యాంజియోప్లాస్టీ అంటే బెలూన్‌తో తెరవడం, నాళం మళ్లీ మూసుకుపోకుండా సాధారణంగా స్టెంటు అనే సన్నని జాలీ గొట్టం పెట్టడం. 'యాంజియో చేయించాం, ఇక బ్లాకులు పోయాయి' అని చాలామంది ఊరట చెందుతుంటారు, అది నిజం కాదు.

విశ్రాంతిగా ఉన్నప్పుడు తీసిన ఈసీజీ, ఎకో బాగున్నంత మాత్రాన గుండె నాళాలు బాగున్నాయని చెప్పలేం. మెట్లెక్కినప్పుడు చాలని రక్తం పడుకున్నప్పుడు చాలుతుంది కాబట్టి తేడా కనిపించదు. ట్రెడ్‌మిల్ మీద ఆ లోపం బయటపడుతుంది. సీటీ నాళం ఆకారాన్ని చూపుతుంది గానీ, సున్నం ఉన్న చోట ఉన్నదాన్ని పెంచి చూపే అలవాటు దానికి గుండె దగ్గర కూడా ఉంది.

అరవై శాతం అన్న మాటను కొంచెం విడమరచి చెబుతాను, మీ ఇంట్లో వాదన అంతా దీని మీదే నడుస్తున్నట్టుంది. ఆ అంకె నాళం వ్యాసంలో తగ్గుదలను చెబుతుంది. వ్యాసం సగమైతే రక్తం పోయే దారి వైశాల్యంలో మిగిలేది నాలుగో వంతే, అయినా విశ్రాంతిలో గుండె తట్టుకుంటుంది. పైగా 50 నుంచి 70 శాతం మధ్య ఉన్న పూడికల్లో ఏది నిజంగా రక్తాన్ని అడ్డుకుంటోందో కంటితో చూసి చెప్పడం అనుభవజ్ఞులకూ కష్టమే. యాంజియోగ్రామ్ సమయంలోనే ఒత్తిడిని కొలిచే సన్నని తీగను పూడిక దాటించి, దాని ముందు, వెనక ఉన్న ఒత్తిళ్లను పోల్చే పరీక్ష ఉంది, దాన్ని ఎఫ్.ఎఫ్.ఆర్. అంటారు. ఫలితం 0.80 గానీ అంతకు తక్కువ గానీ వస్తే ఆ పూడిక రక్తాన్ని ఆపుతున్నట్టే. ఇలా కొలిచి చూసిన ఒక పెద్ద అధ్యయనంలో, 50 నుంచి 70 శాతంగా కనిపించిన పూడికల్లో సుమారు మూడో వంతు మాత్రమే రక్తాన్ని నిజంగా అడ్డుకుంటున్నట్టు తేలింది. మీకు మళ్లీ యాంజియోగ్రామ్ అవసరమైతే ఈ తీగ పరీక్ష చేసే వీలున్న చోట చేయించుకోవడం మంచిదని నా అభిప్రాయం.

ఇక మీ అన్నగారి మాట. నిలకడగా ఉన్న, శ్రమ పడినప్పుడే వచ్చే ఛాతీ నొప్పిలో స్టెంటు నొప్పిని తగ్గిస్తుంది. ఆయుష్షు సంగతి వేరు. 2020లో వెలువడిన ఇస్కీమియా అధ్యయనంలో 5,179 మందిని పరిశీలించగా, మందులతో పాటు ముందే యాంజియోగ్రామ్, స్టెంటు లేదా బైపాస్ చేసినవారికీ, మొదట మందులతోనే నడిపించినవారికీ మరణాల్లోగానీ మొత్తం గుండెపోట్లలోగానీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. గుండెకు వెళ్లే ఎడమవైపు ప్రధాన నాళం మొదట్లోనే సగం పూడినవారిని ఆ అధ్యయనంలో చేర్చలేదు, వారి దారి వేరు. గుండెపోటు వచ్చినవారి సంగతి అసలే వేరు. అక్కడ ప్రతి నిమిషమూ విలువైనది, నాళాన్ని వెంటనే తెరవాల్సిందే. మీ సీటీ రిపోర్టులో ఆ ప్రధాన నాళం గురించి ఏం రాశారో మీ డాక్టరును అడగండి. అది శుభ్రంగా ఉంటే, కొలెస్ట్రాల్ మందు, ఆస్పిరిన్, నొప్పిని అదుపు చేసే మందులు సరిగా వాడి చూశాక నిర్ణయించుకునే వ్యవధి మీకు ఉందో లేదో ఆయనతో కూర్చుని మాట్లాడండి.

యాంజియోగ్రామ్ ఇప్పుడు చాలావరకు మణికట్టు దగ్గర నుంచే చేస్తున్నారు. మత్తు ఇవ్వరు, సూది పెట్టే చోట మొద్దుబార్చుతారు. సాధారణంగా అరగంటలో అయిపోతుంది, ఆ పూటే లేచి తిరగవచ్చు. పెద్ద ప్రమాదాలు నూటికి ఒకరి కన్నా తక్కువ మందిలోనే వస్తాయి. సంతకం పెట్టే ముందు కాగితంలో 'అవసరమైతే యాంజియోప్లాస్టీ' అన్న మాట ఉందేమో చూడండి. బల్ల మీద పడుకుని ఉన్నప్పుడు, బయట ఇంటివాళ్లు కంగారులో ఉన్నప్పుడు ఆ నిర్ణయం తీసుకోవాల్సి రావడం మంచిది కాదు. పూడిక ఏ స్థాయిలో ఉంటే స్టెంటు వేస్తారు, వేయకుండా బయటికి వచ్చి మాట్లాడుకునే వీలుందా అన్నది ముందు రోజే అడగండి. స్టెంటు గరిష్ఠ ధరను 2017 ఫిబ్రవరి నుంచి కేంద్రమే నిర్ణయిస్తోంది. బిల్లులో ఆ ధరను విడిగా చూపమని అడిగే హక్కు మీకుంది.

ప్రశ్న: నా వయసు 34. షుగరు, బీపీ లేవు. రోజుకు రెండు కట్టల బీడీలు తాగుతాను. కుడికాలి రెండు వేళ్లు నల్లబడ్డాయి. యాంజియోగ్రామ్‌లో తొడ నాళాలు బాగున్నాయి, మోకాలి కింద మూసుకుపోయాయి, 'కార్క్‌స్క్రూ కొలేటరల్స్' ఉన్నాయి అన్నారు. స్టెంటు వేయడం కుదరదంటున్నారు. ఎందుకు?
— జగిత్యాల పాఠకుడు

జవాబు: 1908లో లియో బర్జర్ అనే వైద్యుడు వివరించిన జబ్బు ఇదే కావచ్చు. ఇది ఎక్కువగా 50 ఏళ్ల లోపు పొగతాగేవారికి వస్తుంది. ఇందులో పెద్ద నాళాలు శుభ్రంగా ఉండి, పాదానికీ వేళ్లకూ వెళ్లే సన్నని నాళాలు వాచి, గడ్డలతో మూసుకుపోతాయి. చుట్టూ ఉన్న చిన్న నాళాలు మెలికలు తిరిగిన తీగల్లా పెరిగి రక్తాన్ని అందించడానికి ప్రయత్నిస్తాయి. రిపోర్టులోని ఆ మాటకు అర్థం అదే. స్టెంటు పెట్టడానికి సరిపడా వెడల్పు ఉన్న నాళమూ, బైపాస్ తెచ్చి కలపడానికి చోటూ కింద లేకపోవడం వల్లే కుదరదన్నారు.

మీరు నిరాశ పడకూడదని ఇది గట్టిగా రాస్తున్నాను. ఈ జబ్బును ఆపే ఆయుధం డాక్టరు చేతిలో కన్నా మీ చేతిలోనే ఎక్కువగా ఉంది. తగ్గించడం కాదు, పూర్తిగా మానాలి. రోజుకు ఒకటి రెండు బీడీలు తాగినా జబ్బు ముదురుతూనే ఉంటుంది. బీడీ బదులు ఖైనీ, గుట్కా నమలడం కూడా పనికిరాదు, అందులో ఉన్నదీ పొగాకే. పూర్తిగా మానినవారిలో చాలామందికి మిగిలిన కాలు దక్కుతుంది. వరంగల్ ఎం.జి.ఎం. లాంటి పెద్దాసుపత్రిలో గానీ, హైదరాబాద్ నిమ్స్‌లోని రక్తనాళాల శస్త్రచికిత్స విభాగంలో గానీ చూపించుకుని, పుండు సంరక్షణ, మందులు మొదలుపెట్టండి.

ప్రశ్న: మా కోడలికి ఆపరేషన్ చేసి కాన్పు చేశారు, పన్నెండు రోజులైంది. ఎడమకాలు ఒక్కటే తొడ దాకా వాచింది. బాలింత నీరు అని అందరూ అంటున్నారు. డాక్టరమ్మ సిరల డాప్లర్ రాశారు. బాలింతను స్కానింగ్‌కు తిప్పడం అవసరమా?
— ఒక గృహిణి, గోదావరిఖని

జవాబు: ఈ ఉత్తరానికి అందిన రోజే ఫోన్‌లో సమాధానం చెప్పాం, ఇలాంటి ఇళ్లు ఇంకా ఉంటాయని ఇక్కడ మళ్లీ రాస్తున్నాం. నీరు పడితే సాధారణంగా రెండు కాళ్లూ వాస్తాయి. కాన్పు తర్వాత ఒక కాలే వాస్తే లోతు సిరలో రక్తం గడ్డకట్టిందేమో చూడక తప్పదు. పైన చెప్పినవన్నీ ధమనుల పరీక్షలు, ఇది రక్తాన్ని గుండెకు తిరిగి తెచ్చే సిరల పరీక్ష. డాక్టరు పరికరంతో సిరను మెల్లగా నొక్కి చూస్తారు. మామూలు సిర నొక్కితే అణిగిపోతుంది, లోపల గడ్డ ఉంటే అణగదు. సూది లేదు, రేడియేషన్ లేదు, పాలిచ్చే తల్లికి ఏ ఇబ్బందీ లేదు, పావుగంట నుంచి అరగంటలో తేలిపోతుంది. గడ్డ ఉంటే అది జారి ఊపిరితిత్తుల్లో అడ్డుపడకుండా మందులు మొదలుపెట్టాలి, పాలిచ్చే తల్లులకు ఇవ్వదగిన మందులు ఉన్నాయి. పరీక్షను రేపటికి వాయిదా వేయవద్దు. ఆయాసం, ఛాతీలో పోటు, దగ్గితే రక్తం కనిపిస్తే స్కానింగ్ కేంద్రానికి కాకుండా నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. పరీక్ష అయ్యేదాకా ఆ కాలికి నూనె మర్దన, కాపడం ఆపించండి. మర్దన చేసే ఆమెకు కూడా కారణం చెప్పండి, లేకపోతే మీరు లేనప్పుడు ప్రేమకొద్దీ చేసేస్తుంది.