క్రూజ్ బుక్ చేసే ముందు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే సంగతి మీద ఉన్నాయి: ఇంటిల్లిపాదీ కలిసి క్రూజ్‌కి, అంటే విహారయాత్ర ఓడ ఎక్కడం. ఏ కంపెనీ, ఏ డెక్ (ఓడలో అంతస్తు), ఎంత రేటు అని అడిగారు. మేం మాత్రం జవాబులు పాస్‌పోర్టుల దగ్గర మొదలుపెడుతున్నాం. అమెరికాలో ఉండే మన ఇళ్లలో ఒకరిది భారత పాస్‌పోర్టు, పిల్లలది అమెరికా పాస్‌పోర్టు, పెద్దవాళ్లది విజిటర్ వీసా. ఈ లెక్క తేలకుండా డిపాజిట్టు కడితే, తర్వాత ఎంత మంచి రేటు దొరికినా దండగే.

ప్రశ్న (డాలస్): మేం ఆరుగురం. మావారిది హెచ్-1బి (ఉద్యోగ వీసా), నాది హెచ్-4 (ఆయన భార్యగా వచ్చిన వీసా), పిల్లలిద్దరూ ఇక్కడే పుట్టారు. గుంటూరు నుంచి అత్తయ్యగారు, మామయ్యగారు విజిటర్ వీసా మీద వచ్చారు. టెక్సస్‌లోని గాల్వెస్టన్ రేవు నుంచి వెళ్లే క్రూజ్ చూస్తున్నాం. మా ఇద్దరి స్టాంపింగ్ (పాస్‌పోర్టులో వేసే వీసా) గడువు అయిపోయింది, ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) ఇంకా ఏడాది పైన ఉంది. వెళ్లొచ్చా?

జవాబు: ఓడ ఎక్కితే దేశం దాటినట్టే. తిరిగి గాల్వెస్టన్‌లో దిగేటప్పుడు మళ్లీ ఇమ్మిగ్రేషన్ ఉంటుంది. స్టాంపింగ్ అయిపోయినవాళ్లకి ఆటోమేటిక్ రీవాలిడేషన్ అనే వెసులుబాటు ఒకటుంది. చెల్లే ఐ-94తో కెనడాకో మెక్సికోకో మాత్రమే వెళ్లి 30 రోజుల్లోపు తిరిగొస్తే, పాత స్టాంపుతోనే రానిస్తారు. ఎఫ్-1 (విద్యార్థి), జె-1 (ఎక్స్ఛేంజ్) వీసాల వాళ్లకి క్యూబా తప్ప చుట్టుపక్కల దీవులు కూడా ఇందులోకి వస్తాయి. హెచ్ వీసా వాళ్లకి రావు. చాలామంది పొరపడేది ఇక్కడే. కాలేజీలో ఉండగా బహామాస్ వెళ్లొచ్చిన స్నేహితుడు "ఏం కాదు, వెళ్లండి" అంటాడు. ఆయనది అప్పుడు ఎఫ్-1.

అందుకని మీరు చూడాల్సింది ఓడ ఆగే ఊళ్లు. కోజుమెల్, కోస్టా మాయా, ప్రోగ్రెసో మెక్సికోలోవి. రొఆటాన్ హోండురాస్‌ది, బెలీజ్ వేరే దేశం, జమైకా, గ్రాండ్ కేమన్ దీవులు. గాల్వెస్టన్ నుంచి వెళ్లే వారం రోజుల ట్రిప్పుల్లో ఈ రెండో రకం ఊళ్లు తరచూ కలుస్తాయి. మెక్సికోలో మాత్రమే ఆగేది కావాలంటే నాలుగైదు రాత్రుల ట్రిప్పులు వెతకండి.

ఇంకో మెలిక. చెల్లే అమెరికా వీసా ఉన్న భారతీయులకి మెక్సికో విడిగా వీసా అడగదు. మీ స్టాంపు చెల్లదు కాబట్టి ఆ మినహాయింపు మీకు వర్తిస్తుందనుకోకండి. క్రూజ్ కంపెనీ డాక్యుమెంట్ల విభాగానికి మీ పరిస్థితి మొత్తం ఈమెయిల్లో రాసి, జవాబు కూడా రాతలోనే తీసుకోండి. ఫోన్లో "పర్వాలేదు" అన్న మాట రేవులో చెక్-ఇన్ కౌంటర్ దగ్గర పనికిరాదు. ఐ-797 (హెచ్ హోదా ఆమోద పత్రం), ఐ-94 ప్రింట్లు, తాజా పేస్లిప్పులు వెంట ఉంచుకోండి. ఆ ట్రిప్పులో ఉండగా ఎక్కడా కొత్త వీసాకి దరఖాస్తు చేయకూడదు. చేస్తే వెసులుబాటు పోతుంది. జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా హరికేన్ల కాలం. తుఫాను వస్తే కెప్టెన్ ఓడని వేరే దేశపు రేవుకి మళ్లించొచ్చు, టికెట్టు ఒప్పందంలోనే ఆ హక్కు రాసుకుంటారు. చెల్లే స్టాంపు లేనివాళ్లు ఆ నెలలు వదిలేయడమే మంచిదని మా అభిప్రాయం. గ్రీన్‌కార్డు దరఖాస్తు పెండింగులో ఉంటే లాయరుని అడగకుండా డిపాజిట్టు కూడా కట్టొద్దు.

అత్తయ్యగారు, మామయ్యగార్ల వీసా మల్టిపుల్ ఎంట్రీ (ఒకసారి కన్నా ఎక్కువ రానిచ్చేది) అయి ఉండాలి. క్రూజ్‌కి వెళ్లొస్తే మరో ఆరు నెలలు కొత్తగా వస్తాయన్న మాట నమ్మకండి, ఎంత గడువిస్తారన్నది ఆఫీసరు ఇష్టం. స్టే పొడిగింపు దరఖాస్తు నడుస్తుంటే అసలు వెళ్లొద్దు.

పిల్లలు అమెరికా పౌరులు కాబట్టి, బయల్దేరిన రేవుకే తిరిగొచ్చే ట్రిప్పుకి బర్త్ సర్టిఫికెట్ చాలంటారు. నిజమే. అయినా పాస్‌పోర్టులే తీసుకెళ్లండి. కోజుమెల్‌లో బాబుకి జ్వరం ముదిరి విమానంలో వెనక్కి రావాల్సొస్తే, బర్త్ సర్టిఫికెట్‌తో విమానం ఎక్కనివ్వరు.

ప్రశ్న (అట్లాంటా): మా నాన్నగారి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ. వీసా మీద పేరంతా సర్‌నేమ్‌లో పడి, గివెన్ నేమ్ దగ్గర ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని ఉంది. బుకింగ్‌లో ఏం రాయాలి?

జవాబు: వీసా మీద ఎలా ఉంటే అలాగే రాయండి: సర్‌నేమ్ గడిలో పేరు, ఫస్ట్ నేమ్ గడిలో ఎఫ్ఎన్‌యూ. మనసొప్పక ఇంటిపేరు కలిపి రాస్తేనే చిక్కు. విమాన టికెట్టు, ఓడ బుకింగ్, ట్రావెల్ ఇన్సూరెన్స్ మూడింట్లోనూ ఒకే తీరులో ఉండాలి. బుక్ చేశాక కంపెనీకి ఫోన్ చేసి, పాస్‌పోర్టులో ఒకటే పేరని బుకింగ్‌లో నోట్ పెట్టించండి. చిన్న అక్షరదోషాలు ముందే దిద్దించుకోవాలి. ఓడ బయల్దేరే రోజులు దగ్గరపడే కొద్దీ పేరు మార్చడం కష్టమవుతుంది.

ప్రశ్న (షార్లట్): పెద్దవాళ్లిద్దరు, మేం ఇద్దరం, పిల్లలిద్దరు. ఆరుగురికి రెండు గదులు చాలా? వెబ్‌సైట్లో చూపించే రేటు మీద ఇంకెంత పడుతుంది?

జవాబు: రెండు చాలు. ప్రతి గదిలో మొదటి ఇద్దరికి పూర్తి రేటు, మూడో నాలుగో మనిషికి తక్కువ. 3+3గా వేసినా 4+2గా వేసినా పూర్తి రేట్లు నాలుగే. కాబట్టి సౌకర్యాన్ని బట్టి విడగొట్టండి. చాలా గదుల్లో మూడో నాలుగో పడకలు పైకప్పులోంచి కిందికి దించేవి, నిచ్చెన ఎక్కాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లని ఆ లెక్కలో వేయకండి. పెద్దవాళ్లకి ఒక గది, పిల్లలతో మీకు పక్క గది, మధ్యలో తలుపుండే కనెక్టింగ్ గదులైతే మరీ మంచిది. అవి తక్కువగా ఉంటాయి, ముందే అయిపోతాయి. ఓడ మధ్య భాగంలో, లిఫ్టుకి దగ్గరగా అడగండి. పైనా కిందా కూడా గదులే ఉండే డెక్ చూసుకోండి. గది నెత్తి మీద బఫే హాలుంటే తెల్లవారుజామున కుర్చీలు లాగే చప్పుడుకి మెలకువొస్తుంది. గ్యారంటీ గది అని చవగ్గా అమ్మేది తీసుకుంటే, గది నంబరు కంపెనీ ఇష్టం. రెండు గదులు పక్కపక్కన వస్తాయన్న నమ్మకం లేదు. కుటుంబంతో వెళ్లేవాళ్లకి అది వద్దు.

గదులు ఇలా విడగొట్టడానికి ఇంకో కారణం ఉంది. చాలా కంపెనీల్లో ఒక గదిలో ఒకరు మద్యం ప్యాకేజీ కొంటే ఆ గదిలో 21 ఏళ్లు దాటిన వాళ్లందరూ కొనాలి. మామయ్యగారిని మీ గదిలో రాయించి మీరు ప్యాకేజీ కొంటే, ఆయన ముట్టని మందుకి మీరే డబ్బు కట్టాలి.

ఇక పైఖర్చు. టిప్పులు మనిషికి రోజుకి దాదాపు 16 నుంచి 20 డాలర్లు, పసిపిల్లలకి కూడా వేసే కంపెనీలున్నాయి. 18 డాలర్ల లెక్కన ఆరుగురికి ఏడు రోజులకి 756 డాలర్లు. వైఫై, రేవు దగ్గర పార్కింగ్, ఊళ్లలో తిరుగుడు, ముందురోజు హోటలు వేరే. ముందురోజు హోటల్లో దిగడం దుబారా అనుకోకండి. విమానం ఆలస్యమైతే ఓడ ఆగదు.

మిగతా డబ్బు బయల్దేరడానికి మూడు నెలల ముందు కట్టాలన్నది చాలా కంపెనీల పద్ధతి, చిన్న ట్రిప్పులకి కాస్త ఆలస్యంగా. ఆ తేదీని క్యాలెండర్లో రాసుకుని, అప్పటిదాకా వారానికోసారి రేటు చూస్తుండండి. తగ్గితే ఫోన్ చేసి కొత్త రేటుకి మార్చమనొచ్చు. ఆ తేదీ దాటాక రేటు పడినా మీకొరిగేది పెద్దగా ఉండదు. నాన్-రిఫండబుల్ డిపాజిట్టు చౌకే, కానీ అమ్మానాన్నల వీసా ఇంకా చేతికి రానివాళ్లు రిఫండబుల్‌దే కట్టాలి. ఏజెంటు ద్వారా బుక్ చేస్తే కొంత ఆన్‌బోర్డ్ క్రెడిట్ (ఓడలో ఖర్చు పెట్టుకునే సొమ్ము) ఇస్తారు. ఆ తర్వాత ఏ మార్పుకైనా ఆ ఏజెంటు ద్వారానే వెళ్లాలి, కంపెనీ మీతో నేరుగా మాట్లాడదు.

ప్రశ్న (సియాటిల్ దగ్గర బెల్‌వ్యూ): ఆగస్టులో అలాస్కా క్రూజ్. బయల్దేరేది, తిరిగొచ్చేది సియాటిల్‌కే. అయినా కెనడా వీసా కావాలంటున్నారు, నిజమా?

జవాబు: నిజం. 1886 నాటి అమెరికా చట్టం ప్రకారం విదేశీ జెండా ఉన్న (అంటే వేరే దేశంలో నమోదైన) ఓడ, మధ్యలో విదేశీ రేవులో ఆగకుండా అమెరికా రేవు నుంచి అమెరికా రేవుకి ప్రయాణికుల్ని తీసుకెళ్లి దించకూడదు. క్రూజ్ ఓడలు దాదాపు అన్నీ విదేశీ జెండావే. అందుకే సియాటిల్ ఓడలు తిరుగుదారిలో ఓ సాయంత్రం కెనడాలోని విక్టోరియాలో కొన్ని గంటలు ఆగుతాయి. 2021లో కోవిడ్ వల్ల కెనడా రేవులు మూసినప్పుడు దీనికోసం ప్రత్యేకంగా తాత్కాలిక చట్టం చేయాల్సొచ్చింది.

ఆ కొన్ని గంటలు మేం ఓడ దిగం, వీసా ఎందుకంటారు చాలామంది. దిగకపోయినా కావాలి. భారత పాస్‌పోర్టున్న హెచ్-1బి, హెచ్-4 వాళ్లకీ, విజిటర్ వీసా మీద ఉన్న పెద్దలకీ కెనడా విజిటర్ వీసా ఉండాలి. అమెరికా వీసా దీనికి బదులు కాదు. గ్రీన్‌కార్డున్నవాళ్లకి వీసా అక్కర్లేదు, పాస్‌పోర్టు, కార్డు రెండూ చూపిస్తే సరి. అమెరికా పాస్‌పోర్టున్న పిల్లలకీ అక్కర్లేదు.

దరఖాస్తు ఆన్‌లైన్లో. ఫీజు మనిషికి 100 కెనడా డాలర్లు, వేలిముద్రలకి ఇంకో 85. ఒకే కుటుంబం కలిసి పెడితే వేలిముద్రల ఫీజు 170 దాటదు. ఒకసారి ఇచ్చిన వేలిముద్రలు పదేళ్లు పనికొస్తాయి. పెద్దవాళ్లది ఇండియాలో ఉండగానే చేయించండి. ఇక్కడికొచ్చాక మొదలుపెడితే పాస్‌పోర్టు స్టాంపింగ్‌కి పంపి ఎదురుచూడటంలోనే సీజన్ గడిచిపోతుంది.

గ్లేసియర్ బే (అలాస్కాలో హిమనదాలున్న జాతీయ పార్కు) మీద మనసుంటే ఓడ పేరుకన్నా ముందు రూటు చూడండి. అక్కడికి రోజుకి రెండే క్రూజ్ ఓడల్ని అనుమతిస్తారు, కాబట్టి అన్ని ట్రిప్పులూ వెళ్లవు. ఏ వైపు బాల్కనీ అన్నదానికి అంత తల పగలగొట్టుకోనక్కర్లేదు, హిమనదం ముందు ఓడని నెమ్మదిగా తిప్పుతారు. అలాస్కా రేవు ఊరు కెచికాన్‌లో ఆగస్టులోనూ వాన తప్పదు. గొడుగు కన్నా నీళ్లు దిగని జాకెట్టు మేలు.

ప్రశ్న (న్యూజెర్సీ, ఎడిసన్): అత్తయ్యగారు శాకాహారి, ఉల్లి వెల్లుల్లి తినరు. చిన్న రైస్ కుక్కర్, ఆవకాయ తీసుకెళ్లొచ్చా?

జవాబు: కుక్కర్ తీసుకెళ్లొద్దు. వేడి పుట్టించేవేవీ గదిలోకి రానివ్వరు: కుక్కర్, కెటిల్, ఇస్త్రీపెట్టె, ఇమ్మర్షన్ రాడ్. సర్జ్ ప్రొటెక్టర్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు కూడా తీసేసుకుంటారు. ఎక్స్‌రేలో కనిపిస్తే పెట్టె గదికి రాదు, మీరే సెక్యూరిటీ దగ్గరికెళ్లి విడిపించుకోవాలి. వస్తువు చివరి రోజు ఇస్తారు.

ఇంట్లో చేసిన తిండి ఒప్పుకోని కంపెనీలున్నాయి. ఇంటి ఆవకాయ సీసా మీద ఆశ పెట్టుకోకుండా, ఫ్యాక్టరీ సీలున్న చిన్న పచ్చడి ప్యాకెట్లు, ఇన్‌స్టంట్ ఉప్మా కప్పులు, కారప్పొడి పెట్టుకోండి. బఫేలో మరిగే నీళ్ల కుళాయి ఉంటుంది, ఉప్మాకి అది చాలు. సాదా పెరుగు పొద్దున టిఫిన్ల దగ్గర దొరుకుతుంది. మధ్యాహ్నానికి రెండు కప్పులు దాచి గదిలో ఫ్రిజ్‌లో పెట్టుకుంటే పెరుగన్నం సిద్ధం.

ఉల్లి వెల్లుల్లి సంగతి బుకింగ్‌లో నెల రెండు నెలల ముందే రాయించండి. ఓడెక్కిన మొదటి సాయంత్రం డైనింగ్ రూమ్ హెడ్ వెయిటర్‌ని కలవండి. "వెజిటేరియన్" అని ఊరుకుంటే రోజూ పాస్తా వస్తుంది. "అన్నం, పప్పు, ఒక కూర, ఉల్లి వెల్లుల్లి లేకుండా" అని విడమర్చి చెప్పండి. పెద్ద ఓడల వంటశాలల్లో భారతీయ వంటవాళ్లు తరచూ ఉంటారు. రేపటి భోజనం ఈ రాత్రే చెప్పడం అలవాటు చేసుకుంటే వారమంతా ఇబ్బంది ఉండదు. ఓడలోంచి పళ్లు, ఉడకబెట్టిన గుడ్లు సంచిలో వేసుకుని ఒడ్డు దిగకండి, చాలా దేశాల్లో జరిమానా పడుతుంది.

ప్రశ్న (విశాఖపట్నం): ఎనిమిది నెలల పాపతో సింగపూర్ నుంచి మూడు నాలుగు రాత్రుల క్రూజ్ అనుకుంటున్నాం. మన విశాఖ నుంచే ఓడ లేదా?

జవాబు: విశాఖ పోర్టులో 2023లో క్రూజ్ టెర్మినల్ ప్రారంభమైంది. అంతకు ముందు ఏడాదే చెన్నై, విశాఖ, పుదుచ్చేరి కలుపుతూ కార్డీలియా అనే మన దేశపు క్రూజ్ కంపెనీ ఓడ నడిచింది. కానీ వారంవారం తిరిగే సర్వీసు కాదు, ఏడాదిలో ఎప్పుడో కొన్ని ట్రిప్పులు. తేదీలు మీకు కుదిరితే అదృష్టం.

సింగపూర్ అయితే, చిన్న ట్రిప్పులకి ఆరు నెలలు నిండిన పిల్లల్ని ఎక్కనిస్తారు. వరసగా మూడు రోజులు సముద్రంలోనే ఉండే ట్రిప్పులకి మాత్రం ఏడాది నిండాలనే నిబంధన ఉంటుంది. డైపరున్న పిల్లల్ని ఈతకొలనులో దింపనివ్వరు, స్విమ్ డైపరైనా సరే. వాళ్లకి విడిగా నీళ్ల ఆటల చోటు కొన్ని ఓడల్లో ఉంటుంది, చూసి ఎంచుకోండి.

సింగపూర్ వీసా మల్టిపుల్ జర్నీ అయి ఉండాలి, ఎందుకంటే మీరు రెండుసార్లు ప్రవేశిస్తారు: విమానంలో ఒకసారి, ఓడలో ఒకసారి. ఎస్‌జీ అరైవల్ కార్డు (సింగపూర్ ప్రభుత్వం ఆన్‌లైన్లో నింపించే రాక ఫారం) కూడా రెండుసార్లు నింపాలి, రాకకి ముందు మూడు రోజుల్లో. అది ఉచితం. డబ్బడిగే సైటు కనిపిస్తే అది ప్రభుత్వానిది కాదు. మలేషియా, థాయ్‌లాండ్ వీసా నిబంధనలు తరచూ మారుతున్నాయి, బుక్ చేసే రోజున ఆయా ప్రభుత్వాల సైట్లలోనే చూసుకోండి. పాపతో సహా అందరి పాస్‌పోర్టులకీ ఆరు నెలల గడువుండాలి.

ఓడలెక్కే టెర్మినళ్లు రెండు: మెరీనా బే, హార్బర్‌ఫ్రంట్. టాక్సీవాడికి "క్రూజ్ సెంటర్" అని చెప్పి ఊరుకోకుండా టికెట్టు మీద ఉన్న పేరు చూపించండి. ఓడలో ఖాతాకి డెబిట్ కార్డు ఇవ్వొద్దు. రోజూ కొంత డబ్బు హోల్డ్ చేస్తారు, అది విడుదలవడానికి దిగాక కూడా రోజులు పడుతుంది. క్రెడిట్ కార్డులో విదేశీ వాడకం ఇంట్లో ఉండగానే ఆన్ చేయండి. ఓడ రేవు వదలగానే ఫోన్లు ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. సముద్రంలో ఓడ సొంత నెట్‌వర్క్‌కి ఫోన్ దానంతటదే తగులుకుంటుంది, మీ రోమింగ్ ప్యాక్ దానికి వర్తించదు. ఇండియాలో ప్యాకేజీ కొన్నప్పుడు పట్టుకున్న టీసీఎస్ (అమ్మేవాళ్లు ముందే వసూలు చేసే ఆదాయపు పన్ను) మీ ఆదాయపు పన్ను ఖాతాలో కనిపిస్తుంది, రిటర్న్‌లో సర్దుకోవచ్చు. రసీదు మీద పాన్ నంబరు సరిగ్గా ఉందో లేదో చూడండి.

ప్రశ్న (హ్యూస్టన్): అమ్మకి షుగరు, మోకాళ్ల నొప్పి. కడుపులో తిప్పుతుందేమోనని భయం. ఇన్సూరెన్స్ ఏది తీసుకోవాలి?

జవాబు: ఓడ మధ్యలో, కింది డెక్‌లో గది తీసుకుంటే ఊపు తక్కువ. మెక్లిజిన్ లాంటి మాత్ర తిప్పడం మొదలయ్యాక కన్నా ముందు వేసుకుంటేనే పనిచేస్తుంది, కానీ మత్తు తెస్తుంది. మిగతా మందులతో పడుతుందో లేదో డాక్టర్ని అడగండి. ఇన్సులిన్, మాత్రలు చేతిసంచిలోనే ఉంచండి. రేవులో ఇచ్చేసిన పెట్టె గదికి చేరేసరికి సాయంత్రమవుతుంది. గది ఫ్రిజ్ చల్లదనం సరిపోకపోతే మెడికల్ సెంటర్లో దాస్తారు.

అమ్మగారికి ఇప్పుడున్న విజిటర్ ఇన్సూరెన్స్ పాలసీలో రెండు మాటలు వెతకండి: అమెరికా బయట ఎన్ని రోజులు వర్తిస్తుంది, హెలికాప్టర్లోనో విమానంలోనో తరలించే ఖర్చు ఎంతవరకు ఇస్తుంది. అమెరికాలోపలే అని ఉంటే క్రూజ్‌కి విడిగా తీసుకోవాలి. ముందునుంచీ ఉన్న జబ్బులు కవర్ కావాలంటే చాలా పాలసీల్లో మొదటి డిపాజిట్టు కట్టిన రెండు మూడు వారాల్లోపే కొనాలి. ఓడలో డాక్టర్ ఫీజు మీ గది ఖాతాలో పడుతుంది. బిల్లు తెచ్చుకుని తర్వాత క్లెయిమ్ చేసుకోవడమే.

మోకాళ్ల కోసం రూటులో టెండర్ అన్న మాట ఉందేమో చూడండి. అంటే ఓడ దూరంగా లంగరేసి, చిన్న పడవల్లో ఒడ్డుకి చేరుస్తారు. గ్రాండ్ కేమన్, బెలీజ్ సిటీ, కాబో సాన్ లూకాస్ అలాంటివి. ఊగే పడవలోకి అడుగు వేయాలి, అల ఎక్కువగా ఉంటే వీల్‌చెయిర్‌ని దింపరు. కోజుమెల్‌లో ఓడ నేరుగా గట్టుకి ఆనుతుంది. వీల్‌చెయిర్ సాయం కావాలంటే బుకింగ్‌లో ముందే రాయించండి, అది రేవులో ఓడ ఎక్కించడానికీ దించడానికీ మాత్రమే. ఓడలో తిరగడానికి మీదే తీసుకెళ్లాలి, లేదా అద్దెకి తెప్పించుకోవాలి.