సర్టిఫికెట్ల తారీఖులు దాటకముందే

అల్లుడూ,

పాలమూరు సైటులో నిన్ను ఇన్‌ఛార్జిగా వేశారని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. మనసు నిండిపోయింది. నువ్వు పెట్టిన మెసేజ్‌లో ప్రశ్నలన్నీ కలిపేశావు. ఏ కోర్సు చేయాలి, ఏది ఎన్నేళ్లు చెల్లుతుంది, రేపు గల్ఫ్‌కో బ్రిటన్‌కో పోవాలంటే ఏది పనికొస్తుంది అని. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావు, అందుకే రాస్తున్నాను.

మన దేశంలో సైట్ మేనేజర్ అని ప్రత్యేకంగా లైసెన్స్ ఏదీ లేదు. డిప్లొమా, అనుభవం, పైవాళ్ల నమ్మకం ఉంటే చాలు, కుర్చీ ఇచ్చేస్తారు. దాంతో మన పిల్లలు కాగితాలను పట్టించుకోరు. క్లయింట్ ఆడిట్ వచ్చినప్పుడో, వేరే దేశం నుంచి ఆఫర్ వచ్చినప్పుడో అల్మరా వెతుకుతారు. అప్పటికి ఒకదాని గడువు దాటి ఉంటుంది, ఇంకోదాంట్లో పేరు తప్పు ఉంటుంది. నేను చెప్పేది ఒకటే. పని నీ చేతిలో ఎలా ఉందో, కాగితం కూడా అలాగే నీ దగ్గర, నీ పేరు మీద, గడువు మిగిలి ఉండాలి.

ముందు మన చట్టం సంగతి. 1996 భవన నిర్మాణ కార్మికుల చట్టం ప్రకారం 500 మంది, ఆపైన పనిచేసే చోట సేఫ్టీ ఆఫీసర్ ఉండాలని ఉండేది. 2020లో చేసిన కొత్త భద్రతా కోడ్‌లో ఆ సంఖ్యను 250కి దించారు. అది 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. అంటే నీ సైటులాంటి మధ్య తరహా సైట్లలో కూడా ఇక ఆ పోస్టు కావాలి, మనుషులు కావాలి. 1998 కేంద్ర నిబంధనల్లో ఆ పోస్టుకు అర్హతలు రాశారు. డిగ్రీ వాళ్లకు రెండేళ్లు, డిప్లొమా వాళ్లకు ఐదేళ్లు సైటులో సూపర్‌వైజర్ స్థాయి అనుభవం ఉండాలి. దాని మీద ఇండస్ట్రియల్ సేఫ్టీలో డిప్లొమా, అందులో నిర్మాణ భద్రత మీద ఒక పేపరైనా ఉండాలి. నీకు ఐదేళ్లు నిండినట్టే కదా. ముంబైలోని సెంట్రల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్, చెన్నైలోని రీజినల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్ ఈ చదువు చెబుతాయి. మనకు చెన్నై దగ్గర. ఒక ఏడాది పోతుందని వెనకాడకు. నీ చేతికి వచ్చే చదువుల్లో అన్నిటికన్నా గట్టిది ఇదే అని నా అభిప్రాయం.

అదే నిబంధనల్లో ఇంకో షరతు ఉంది. సైటులో ఎక్కువ మంది కూలీలు మాట్లాడే భాష ఆ ఆఫీసర్‌కు వచ్చి ఉండాలి. అది రాసినవాళ్లకు దండం పెట్టాలి. ఒకప్పుడు మన పాలమూరు లేబర్ గుంపు మేస్త్రీల వెంట దేశమంతా తిరిగి ఆనకట్టలు కట్టింది. భాష రాని చోట ఎన్ని అవస్థలు పడ్డారో మన ఇళ్లలోనే పెద్దవాళ్లు చెబుతారు. ఇవాళ ఒడిశా, బీహార్, జార్ఖండ్ నుంచి మన దగ్గరికి వస్తున్నారు. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగంలో ఎనిమిది మంది చిక్కుకుపోతే అందులో నలుగురు జార్ఖండ్ కూలీలు. ఆ ప్రమాదానికి భాషే కారణమని నేను అనడం లేదు. మన నేల మీద పని చేస్తూ పోయినవాళ్లు ఎక్కడి బిడ్డలో నువ్వు గుర్తుపెట్టుకోవాలని చెబుతున్నాను. పొద్దున టూల్ బాక్స్ టాక్, అంటే పని మొదలుపెట్టే ముందు చెప్పే జాగ్రత్తలు, హిందీలో నువ్వే చెప్పు, మేస్త్రీకి వదిలేయకు. దీనికి ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వరు, అయినా నేర్చుకో.

ఇక గడువుల సంగతి. నెబోష్ అనే బ్రిటన్ సంస్థ ఇచ్చే భద్రతా సర్టిఫికెట్‌కు గడువు ఉండదు. అయితే పాతబడితే కంపెనీలు ఈ మధ్య ఏం నేర్చుకున్నావని అడుగుతాయి. ప్రాజెక్టు మేనేజర్లకు ఇచ్చే పీఎంపీ సర్టిఫికెట్‌కు మూడేళ్లు. ఆ మూడేళ్లలో 60 పీడీయూలు, అంటే చదువు, శిక్షణ, ఇతరులకు నేర్పడం కింద లెక్కకొచ్చే గంటలు చూపాలి. అందులో కనీసం 35 నేర్చుకున్నవే అయి ఉండాలి. నెలకు రెండు గంటలు పెట్టుకుంటే ఇట్టే అయిపోతాయి. ఆఖరి నెలకు వదిలేస్తే మాత్రం స్లాబ్ వేసే రోజే వెబినార్ పెట్టుకుని కూర్చోవాల్సి వస్తుంది. ఆ టెన్షన్ నీకెందుకు? మూడేళ్లలో పూర్తి చేయకపోతే ఏడాది పాటు సస్పెన్షన్‌లో పెడతారు, అప్పుడూ చేయకపోతే పరీక్ష మళ్లీ మొదటి నుంచి రాయాలి.

బ్రిటన్‌లో సైట్ మేనేజర్లను అడిగేది ఎస్‌ఎమ్‌ఎస్‌టీఎస్ అనే ఐదు రోజుల భద్రతా కోర్సు. ఐదేళ్లు చెల్లుతుంది. గడువు లోపల పోతే రెండు రోజుల రిఫ్రెషర్‌తో సరిపోతుంది. ఒక్కరోజు దాటినా ఐదు రోజుల కోర్సు మళ్లీ మొత్తం చేయాలి, ఫీజూ అంతే. అక్కడ సైటు గేటు దాటడానికి సీఎస్‌సీఎస్ కార్డు కూడా అడుగుతారు, మేనేజర్లకు అది నలుపు రంగులో ఉంటుంది. ఈ కోర్సు ఒక్కటి చేస్తే ఆ కార్డు రాదు, దానికి వేరే అర్హత, పరీక్ష ఉన్నాయి. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో ఎవరైనా ఈ రెండూ ఒకటేనని చెబితే నమ్మకు. సౌదీలో ఇంజినీర్ హోదాతో పనిచేయాలంటే అక్కడి ఇంజినీర్ల కౌన్సిల్‌లో నమోదు కావాలి. దాన్నీ గడువు ప్రకారం తిప్పుకుంటూ ఉండాలి.

ఫస్ట్ ఎయిడ్ సర్టిఫికెట్‌ను అందరూ చిన్నచూపు చూస్తారు. బండి ఇన్సూరెన్స్ లాగా, అవసరం పడినప్పుడు గానీ దాని విలువ తెలియదు. దాని గడువు కూడా రాసిపెట్టుకో.

ఎక్కువ మంది ఇరుక్కునేది పేరు దగ్గర. మన పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందుంటుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒక గడిలో, పేరు ఇంకో గడిలో ఉంటాయి. కోర్సువాళ్లు రిజిస్టర్‌లో ఇంటిపేరుకు ఒక అక్షరం రాసి వదిలేస్తారు. మూడు కాగితాల్లో ముగ్గురు మనుషులు తయారవుతారు. విదేశీ కంపెనీ వెరిఫికేషన్ వాళ్లకు మన ఇంటిపేర్ల పద్ధతి తెలియదు, ఈ సర్టిఫికెట్ నీది కాదంటారు. అందుకని ఏ కోర్సులో చేరినా పాస్‌పోర్టు ముందు పెట్టుకుని, అందులో ఉన్నట్టే అక్షరం అక్షరం రాయించు. ఇప్పటికే తేడా ఉంటే సర్టిఫికెట్ ఇచ్చినవాళ్లకు మెయిల్ పెట్టి సరిచేయించు. అఫిడవిట్‌తో నెట్టుకురావచ్చులే అనుకోకు.

అనుభవ పత్రం కంపెనీ వదిలేటప్పుడే తీసుకో. చేరిన తేదీ, మానేసిన తేదీ, ప్రాజెక్టు పేరు, దాని విలువ, నీ కింద పనిచేసినవాళ్ల సంఖ్య అందులో ఉండాలి. 'ఇతను మా దగ్గర బాగా పనిచేశాడు' అని రెండు లైన్లు రాస్తే అది దేనికీ పనికిరాదు. పీఎంపీ దరఖాస్తును ఆడిట్‌కు తీస్తే ఈ వివరాలే అడుగుతారు. అప్పటికి నీ పాత ప్రాజెక్టు మేనేజర్ ఎక్కడున్నాడో ఎవరికి తెలుసు?

క్లాసుకు రానక్కర్లేదు, డబ్బులు కట్టు, సర్టిఫికెట్ ఇంటికి పంపిస్తాం అనేవాళ్లు నల్లగొండలో ఉన్నారు, హైదరాబాద్‌లో ఉన్నారు. వాళ్ల గడప తొక్కకు. నెంబర్ కొట్టి చూస్తే అసలు సంస్థ రికార్డులో అది ఉండదు. అది ఒక్కటే బాధ కాదు. రిఫ్రెషర్‌కు పోతే నీకు తెలిసింది ఎంత మారిందో తెలుస్తుంది. కాంక్రీట్‌లో ఏది ఎంత పాళ్లలో కలపాలో చెప్పే మన దేశ ప్రమాణం ఐఎస్ 10262నే చూడు. 1982లో వచ్చింది, 2009లో మార్చారు, 2019లో మళ్లీ మార్చారు. మారనివి కూడా మర్చిపోతాం. తవ్వకాల భద్రత మీద ఉన్న ఐఎస్ 3764 ప్రకారం ఒకటిన్నర మీటరు లోతు దాటిన ట్రెంచ్‌కు షోరింగ్, అంటే పక్కలు కూలకుండా ఆపే దన్ను, కట్టాలి, తవ్విన మట్టిని అంచు మీదే పోయకూడదు. వాన పడిన నల్లరేగడిలో పైపులైను ట్రెంచ్ ఎంత త్వరగా కూలుతుందో నీకు తెలుసు. నువ్వు క్లాసులో కూర్చుని ఆ మాట మళ్లీ వింటే, మర్నాడు లోపలికి దిగబోయే పిల్లవాణ్ణి ఆపుతావు. కొనుక్కున్న కాగితం ఆ పని చేయదు.

ఈ ఆదివారం సెలవే కదా. నీ దగ్గరున్న సర్టిఫికెట్లన్నీ, పాస్‌పోర్టు మొదటి పేజీ, పదో తరగతి మెమో ఫొటోలు తీసి నాకు వాట్సాప్ చెయ్యి. పేర్లు నేను సరిచూస్తాను. గడువు ఉన్న ప్రతిదానికీ ఆరు నెలల ముందు మోగేలా ఫోన్‌లో రిమైండర్ పెట్టు. చెన్నై కోర్సు నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందో కనుక్కో. ఫీజు గురించి మీ అమ్మను అడగొద్దు, నాతో మాట్లాడు.

మీ మామ

దేవరకొండ