అప్రెంటిస్ అన్న ఒక్క మాట దగ్గర

మేం ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో పన్నెండేళ్లుగా ఉంటున్నాం. అందరికీ బ్రిటిష్ పాస్‌పోర్టులున్నాయి. అబ్బాయికి పదిహేడేళ్లు. సిక్స్త్ ఫారం (మన ఇంటర్ లాంటిది) మొదటి ఏడాది, మ్యాథ్స్, ఫిజిక్స్, కంప్యూటర్ సైన్స్ చదువుతున్నాడు. క్యాంపస్‌కి వెళ్లను, డిగ్రీ అప్రెంటిస్‌షిప్ చేస్తానంటాడు. మావారిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. 'ఇంత దూరం వచ్చింది నువ్వు అప్రెంటిస్ అవడానికా?' అన్నారు. మూడు వారాలుగా ఇద్దరికీ మాటల్లేవు, మధ్యలో కబుర్లు నేనే మోస్తున్నాను. ఉగాది భోజనాల టోకెన్లకి మా తెలుగు సంఘం కోసం వాడో ప్రోగ్రాం రాశాడు, స్కూలు ప్రాజెక్టుగా దాన్నే పెంచుతున్నాడు. మావారు దాన్ని తెరిచి కూడా చూడలేదు. గుంటూరులో అత్తగారికి ఏం చెప్పను?

అమ్మా, మీవారి మాట వినగానే నాకు కోపం రాలేదు, జాలేసింది. ఆయన పెరిగిన చోట అప్రెంటిస్ అంటే ఐటీఐ అయ్యాక ఆర్టీసీ డిపోలోనో రైల్వే వర్క్‌షాపులోనో గ్రీజు చేతులతో నిలబడే కుర్రాడు. ఆ పని తక్కువదని కాదు. కానీ ఎంట్రన్సులు రాసి, సీటు తెచ్చుకుని, సముద్రాలు దాటిన మనిషికి ఆ మాట వెనక్కి నడవడంలా వినిపిస్తుంది.

అబ్బాయి అడుగుతున్నది వేరు. అక్కడ 2015 నుంచి ఉన్న ఈ పద్ధతిలో కంపెనీ జీతమిస్తుంది, ఫీజు పిల్లలు కట్టక్కర్లేదు, చివరికి చేతికొచ్చేది యూనివర్సిటీ పట్టాయే. మామూలు దారిలో 2025-26లో ఏడాదికి 9,535 పౌండ్ల దాకా ఫీజు. ఎక్కువమంది అప్పు మీదే చదువుతారు. అత్తగారికి 'ఉద్యోగం చేస్తూ డిగ్రీ చదువుతాడు' అని చెప్పండి. ఉన్నమాటే అది.

అలాగని అబ్బాయి చెప్పిందంతా సరే అనను. ఆ సీట్లు కొద్ది, పోటీ గట్టిది. ఒక్కో కంపెనీకి ఒక్కో గడువు, విడివిడిగా దరఖాస్తు, పరీక్షలు, ఇంటర్వ్యూలు. దొరికాక కూడా తోటివాళ్లు హాస్టళ్లలో ఉండే వయసులో వీడు ఆఫీసు నుంచి వచ్చి అసైన్‌మెంట్ ముందు కూర్చోవాలి. అందుకని అదొక్కటే నమ్ముకోవద్దని చెప్పండి. యూనివర్సిటీ దరఖాస్తులన్నీ ఒకేచోట తీసుకునే యూకాస్ ద్వారా అయిదు కోర్సులకు పెట్టుకోవచ్చు, చాలా కోర్సులకు గడువు జనవరి మధ్యలో. ఇది చేస్తూనే అదీ చేయొచ్చు, ఒకదానికొకటి అడ్డం కాదు. ఆ అయిదింట్లో మధ్యలో ఏడాదిపాటు కంపెనీలో పనిచేయించే కోర్సు ఒకటైనా పెట్టమనండి. తండ్రి కోరే క్యాంపస్, కొడుకు కోరే పని రెండూ అందులో ఉన్నాయి.

మార్కుల విషయంలో ఒక్కటే గట్టిగా చెప్తాను. మ్యాథ్స్. కంప్యూటర్ సైన్స్ డిగ్రీకి పేరున్న యూనివర్సిటీలు చాలావరకు ముందు చూసేది దాన్నే, ఎ-లెవెల్‌లో, అంటే సిక్స్త్ ఫారం చివర రాసే పరీక్షల్లో, కంప్యూటర్ సైన్స్ లేకపోయినా తీసుకునేవి ఎన్నో ఉన్నాయి. వేసవి మాక్ పరీక్షలు చూసే టీచర్లు రాబోయే గ్రేడ్లు అంచనా కడతారు. ఈ రెండు నెలలూ వాడి సాయంత్రాలు లెక్కలకే వెళ్లనివ్వండి.

ఇక ఆ టోకెన్ల ప్రోగ్రాం. మీ ఉత్తరంలో నా మనసు ఆగిపోయింది అక్కడే. ఎ-లెవెల్‌లో ఆ ప్రాజెక్టుకి నూటికి 20 వంతుల మార్కులు. దాన్ని వాడే మనిషిని వెతికి, వాళ్లకేం కావాలో విని, వాళ్లచేత వాడించి, తప్పులు రాసుకోవాలి. ఆ మనిషి మీ ఇంట్లోనే ఉన్నారు కదా! ఏళ్ల తరబడి ఇతరుల కోడ్‌లో తప్పులు పట్టిన మనిషి. 'నాన్నా, ఇది ఎక్కడ విరుగుతుందో చూడు' అని వాణ్నే అడగమనండి, మీరు చెప్పకండి. పులిహోర పొట్లాలు మైనస్ మూడు అని కొడితే ఏమవుతుందో ఆయన కొట్టి చూస్తారు. ఒకే టోకెన్ రెండుసార్లు వాడి చూస్తారు. వాడు పక్కన కూర్చుని రాసుకుంటాడు. కోడ్ మాత్రం ఆయన ముట్టుకోకూడదు, ఆ పనంతా పిల్లవాడిదే అయ్యుండాలన్నది పరీక్ష నియమం.

ఆ పూట మీరు ఇంట్లో ఉండకండి. థేమ్స్ ఒడ్డున కాసేపు నడిచి రండి. తిరిగొచ్చాక ఏం మాట్లాడుకున్నారని ఇద్దరిలో ఎవరినీ అడగొద్దు. అబ్బాయి మీ దగ్గరకొచ్చి 'నాన్నకి చెప్పవా' అంటే, 'పక్క గదిలోనే ఉన్నారు, వెళ్లి చెప్పు' అనండి.